కుట్టుపనివారి రాగిబిళ్లలు

చరిత్రకు ఆధారములెవ్వి యని యడిగినచో శిలాశాసనములు, తామ్రశాసనములు, రాజుల నాణెములు అని మనము తడువుకొనక చెప్పుదుము. ఇవి యన్నియు రాజులవి గాని, రాజాశ్రయము నొందినవారివి గాని యగును. సామాన్యుఁడగు నొక కుట్టుపనివాఁడు తన పేరును, వృత్తిని, వీధిని లోహముపై నచ్చొత్తించి, దానిని డబ్బుగా లోకమున విడుచుట యరుదైన విషయము. అట్టి విషయము పందొమ్మిదవ శతాబ్దమున ఆస్ట్రేలియా, న్యూజీలాండు వలసరాజ్యములయందు జరిగినది. అచటి దర్జీలును, బట్టల వర్తకులును, టీ వర్తకులును, ఇనుపసామానుల వర్తకులును తమ తమ పేర రాగి పెన్నీలను, అరపెన్నీలను అచ్చు వేయించి చిల్లరగా నిచ్చిరి. 1849 మొదలు 1881 వఱకు ఈ బిళ్లలు పుట్టుచు, చేతులు మాఱుచు, అరుగుచు వచ్చినవి.

నేఁడవి సంగ్రాహకుల పెట్టెలలోను, మ్యూజియములలోను ఉన్నవి. వెల యిచ్చి కొనువారు సాధారణముగా రెండు గుణములనే వెదకుదురు. ఒకటి మెఱుఁగు, రెండవది అరుదుదనము. ఈ రెండును చరిత్రకు ముఖ్యములు కావనియు, అరిగి నల్లనైన బిళ్లయే పెక్కుచోట్ల మెఱయు బిళ్లకంటె నమ్మఁదగిన సాక్షి యనియు నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము. ఇందుకు కుట్టుపనివారి బిళ్లలనే ప్రత్యేకముగా గ్రహించితిని. ఏలయన, వానియందు వృత్తినామములు మిక్కిలి వివరముగా నుండును. వృత్తినామములున్నచోట శబ్దవిచారమునకు అవకాశము కలదు.

మొదట మాటలను తేల్చుకొందము. అమరసింహుఁడు కుట్టుపనివానికి తున్నవాయుఁడు, సౌచికుఁడు అను రెండు పేళ్లు చెప్పెను. చినిగినదానిని మరల నేసినట్లు కలుపువాఁడు తున్నవాయుఁడు; సూచి, అనఁగా సూదియే జీవనముగాఁ గలవాఁడు సౌచికుఁడు. మనము వాడుక చేయుచున్న దర్జీ యను మాట పారసీకము నుండి వచ్చినది. ఆంగ్లేయుల టెయిలరు శబ్దమునకు కత్తిరించుట యని యర్థముగల ఫ్రెంచి ధాతువు మూలము. మన పూర్వులు సూదిని చూచి పేరు పెట్టిరి. వారు కత్తెరను చూచి పేరు పెట్టిరి. ఇఁక డ్రేపరు అనఁగా బట్టల తానులమ్ము వర్తకుఁడు, అతఁడు కుట్టనక్కఱలేదు. క్లోతియరు అనఁగా కుట్టి సిద్ధముగా నున్న దుస్తులమ్మువాఁడు. ఔట్‌ఫిట్టరు అనఁగా ప్రయాణమునకో, ఉద్యోగమునకో వలసిన దుస్తులన్నియు నొక్కచోట నమర్చి యిచ్చువాఁడు. ఈ నాలుగు మాటలును ఆ బిళ్లలపైఁ గలవు. వీనినన్నిటిని దర్జీల బిళ్లలని యొక్క మూటగాఁ గట్టుట సంగ్రాహకుల వాడుక. వర్తకుఁడు తన్ను తాను ఏమని చెప్పుకొన్నాఁడో అది చదువక మూటగట్టిన యెడల శాసనమును చదువక రాతిని తూఁచినట్లగును.

నాణెమును గూర్చియు నొక మాట. రూప్య శబ్దమును సాధించుచోట పాణిని, రూప శబ్దముపై 'ఆహత' మను నర్థమున ప్రత్యయమును విధించెను. ఆహతమనఁగా కొట్టఁబడినది. లోహముపై నచ్చు పెట్టి కొట్టఁగా నేర్పడిన రూపము కలది రూప్యము. కనుక నాణెమునకు ముఖ్యము లోహము కాదు, దానిపైఁ బడిన దెబ్బ, ఆ దెబ్బవలన నిలిచిన రూపము. టోకెను అను నాంగ్లపదమునకు గుర్తు అని యర్థము. సంస్కృతమున దానికి సరియైన పదము అభిజ్ఞానము. దుష్యంతుఁడు శకుంతలకిచ్చిన యుంగరమునకు కాళిదాసు వాడిన మాట యిదియే. పేరు చెక్కిన యుంగరము ఇచ్చిన మాటకు గుర్తు. గుర్తు పోయిన పిదప మాటయు మఱపునఁ బడెను. వర్తకుని బిళ్లయు నట్టిదే. అందుచేత ఈ వ్యాసమున వీనిని లోకవ్యవహారము ననుసరించి బిళ్లలనియు, అవసరమైనచోట వర్తకముద్రలనియు వ్యవహరించుచున్నాను.

ఇవి పుట్టుటకు కారణము చిల్లర కఱవు. 1851లో న్యూ సౌత్ వేల్సునందును, విక్టోరియా యందును బంగారము బయల్పడెను. విక్టోరియా జనసంఖ్య 1851లో సుమారు 77 వేలు. పదేండ్లలో అది 5 లక్షల 40 వేలకు సమీపించెను. బంగారము త్రవ్వుటకు వచ్చినవారందఱకును చొక్కాలు, లాగులు, కంబళ్లు కావలెను. రొట్టె మొదలు గుండీ వఱకు అన్నిటికిని పెన్నీలు, అరపెన్నీలు కావలెను. సిడ్నీయందు లండను టంకశాలకు శాఖ 1855లో తెఱవఁబడినను అందు బంగారు నాణెములే కొట్టిరి కాని రాగి నాణెములు కొట్టలేదు. రాగి డబ్బు ఇంగ్లండు నుండి ఓడపై రావలెను. బరువెక్కువ, విలువ తక్కువ యగుటచే దానిని తెప్పించుట యెవరికిని లాభము కాదు. పైఁగా బ్రిటిషు శాసనము ప్రకారము రాగి నాణెములు ఒక షిల్లింగు, అనఁగా 12 పెన్నీల వఱకే చెల్లుబడి యగును. బంగారము చేతినిండ కలదు. రొట్టె కొన్నవానికి తిరిగి యీయ చిల్లర లేదు. ఇట్టి స్థితిలో వర్తకులు తమ చిల్లరను తామే చేయించుకొనిరి.

ఇందు లాభమును లేకపోలేదు. 1860కి పూర్వపు బ్రిటిషు రాగి పెన్నీలు 24 కలిసిన ఒక పౌను తూఁగును. 1860లో వచ్చిన కంచు పెన్నీలు 48 కలిసిన ఒక పౌను తూఁగును. పెన్నీలోని లోహము పెన్నీ వెల చేయదని దీనివలననే తేలుచున్నది. వర్తకుఁడు లోహమునకును, అచ్చుకూలికిని, ఓడ కేవునకును పోఁగా మిగిలినది తన లాభముగాఁ జూచుకొనును. ఇది గాక బిళ్ల పోయినచోట నెల్ల అతని పేరు పోవును. కాఁబట్టి యివి ప్రకటనలా, డబ్బా యను ప్రశ్నకు రెండును అనియే సమాధానము. ప్రకటన కాకున్న వర్తకుఁడు అంత పొడవుగా తన వీధి పేరు చెక్కింపఁడు. డబ్బు కాకున్న ఆ బిళ్ల అంతగా నరుగదు.

వీనిని కొట్టినవారెవరు? పెక్కిటికి జన్మస్థానము ఇంగ్లండులోని బర్మింగ్‌హాము పట్టణము. అది గుండీలకును, బెల్టుబిళ్లలకును ప్రసిద్ధము. గుండీ చేయువానికిని, నాణెము చేయువానికిని పని యొక్కటే: రేకును గుండ్రముగాఁ దఱిగి, ఉక్కుటచ్చుల నడుమనుంచి యంత్రముతో నొత్తుట. గుండీలు, బెల్టుబిళ్లలు చేయు కుటుంబమునఁ బుట్టిన మాథ్యూ బౌల్టను 1788లో సోహో యను చోట ఆవిరియంత్రముతో నడచు టంకశాలను నెలకొల్పెను. 1850లో ఆ టంకశాల సామగ్రి వేలము వేయఁబడఁగా రాల్ఫ్ హీటను అను నతఁడు దాని యంత్రములను కొని తన కర్మాగారమున నిలిపెను. ఆస్ట్రేలియా, న్యూజీలాండు వర్తకులకు పంపఁబడిన బిళ్లలలో ననేకము హీటను కర్మాగారమునందు పుట్టినవే.

ఈ సోహో టంకశాలతో మన తెలుఁగుదేశమునకును సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీవారు ఉత్తర సర్కారుల కొఱకు 1794, 1797 సంవత్సరముల తేదీలతో రాగి నాణెములను బౌల్టను టంకశాలయందే కొట్టించిరి. ఒక రూపాయకు 48 అనియు, 96 అనియు వానిపై లెక్క వ్రాయఁబడినది. ఇవియే మన సర్కారు జిల్లాలలోని డబ్బులు. నేఁడు ధనమునకంతటికిని మనము వాడు డబ్బు అను మాట మొదట ఒక రాగి నాణెపుఁ బేరు. ఆ నాణెముపై కంపెనీవారి మూటగుర్తు కలదు: హృదయాకారమైన గుర్తు, దానిపై నాలుగంకె వంటి రేఖ, లోపల కంపెనీ పేరిటి యక్షరములు. సరకు మూటలపై వేసికొను గుర్తు అది. 1611లో మచిలీపట్టణమునఁ గోఠీ పెట్టి కలంకారీలు, నూలు బట్టలు కొన వచ్చిన వర్తకులు ప్రభువులైన పిదపను తమ మూటగుర్తునే మన చేతి డబ్బుపై నచ్చొత్తించిరి. వర్తకుని గుర్తే డబ్బగుట మన పెద్దలకు వింత గాదని దీనివలన నెఱుఁగునది.

మరల ఆస్ట్రేలియాకు వత్తము. 1853లో లండనులోని పతకశిల్పి డబ్ల్యు. జె. టేలరు మఱి యిద్దఱితోఁ గలసి, కంగారూ యను పేరు గల ఓడపై నొక పెద్ద యంత్రమును మెల్బోర్నునకు పంపెను. త్రవ్వకపుఁ బంగారమును అగ్గువకు కొని ముద్ర వేసి అమ్మవలెనని వారి యాలోచన. యంత్రము బండ్లపై మోయరానంత బరువుండుటచే దానిని విడఁదీసి చేర్పవలసి వచ్చెను. అంతలో బంగారము వెల పెరిగెను, ఆలోచన చెడెను. కంగారూ ఆఫీసు అని పేరువడిన యా కార్యాలయము కొన్నాళ్లు వర్తకులకు బిళ్లలు కొట్టి 1857లో మూతపడెను. దాని యంత్రము థామస్ స్టోక్సు అను నచ్చుపనివానికి చేరెను. ఇతఁడు తన పేరనే యొక బిళ్లను కొట్టుకొని, అందు తాను సైనికాలంకారములు, గుండీలు, బిళ్లలు చేయువాఁడనని చెప్పుకొనెను. గుండీయు బిళ్లయు నొక్క చేతి పనులేయని దీనికంటె స్పష్టమైన ప్రమాణము కావలయునా? దర్జీ తాను కుట్టు కోటునకు గుండీలు కొను దుకాణమునందే తన పేరిటి పెన్నీలను గూడఁ జేయించుకొనవచ్చును.

ఇఁక కొన్ని బిళ్లలను విడివిడిగాఁ జదువుదము. టాస్మేనియా ద్వీపమున హోబర్టు పట్టణములోని లివర్‌పూలు వీధి బట్టల వర్తకుఁడు లూయిస్ అబ్రహాము 1855 తేదీతో నొక పెన్నీ వేయించెను. రెండవ వైపున కంగారు జంతువును, ఈమూ పక్షియును, టాస్మేనియా యను పేరును కలవు. అదే సంవత్సరము తేదీతో ఆర్. జోసెఫ్స్ అను నతఁడు న్యూ టౌను సుంకపుగేటు పేర వేయించిన బిళ్లపై దేశమునకు వాన్ డీమెన్స్ లాండు అను పేరు కలదు. ఆ ద్వీపమునకు టాస్మేనియా యను పేరు శాసనముగా నమలునకు వచ్చినది 1856 జనవరి 1వ తేదీని. అంతకు ముందే బట్టల వర్తకుఁడు క్రొత్త పేరు పెట్టుకొన్నాఁడు. సుంకపుగేటువాఁడు ప్రాఁత పేరును విడువలేదు. పాఁత పేరు ఖైదీల నుంచు ద్వీపమని లోకమున నపకీర్తి నొందినది. ఆ పేరు మాన్పవలెనను కోరిక ఆ యూరివారికి ఎంత కలదో, ఏ ప్రభుత్వపత్రమును చూడకయే ఒక పెన్నీ మనకుఁ జెప్పుచున్నది. బిళ్లపైనున్న యేడు అచ్చు చెక్కిన యేడే కాని కొట్టిన యేడు కానక్కఱలేదను నాక్షేపము కలదు. అయినను ఆ యేటిని చెక్కించునప్పుడు ఆ పేరును కోరెననుట సిద్ధము.

మెల్బోర్ను నగరమున లాన్స్‌డేలు వీధిలో ఏ. జి. హాడ్జ్‌సను అను నతఁడు 1860, 1862 తేదీలతో పెన్నీలు వేయించెను. ఇతఁడు తన్ను ఔట్‌ఫిట్టరనియు, టెయిలరనియు రెండు విధములఁ జెప్పుకొనెను. ఆ నగరమునందే ఫెన్విక్ సోదరులు తమ్ము క్లోతియర్లని చెప్పుకొనిరి. బ్రిస్బేనులోని లార్కోంబు కంపెనీవారు డ్రేపర్లు, టెయిలర్లు, ఔట్‌ఫిట్టర్లు అని మూఁడును వ్రాయించిరి. మెల్బోర్నునందును, బంగారపుఁ ద్రవ్వకముల యూరగు మాల్డనునందును దుకాణములుంచిన వార్నాకు సోదరుల బిళ్ల రెండూళ్ల పేళ్లను మోయుచున్నది. ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన నొక క్రమము తోఁచును. క్రొత్త దేశమున కొలతలిచ్చి కుట్టించుకొను తీఱిక యందఱకు లేదు. త్రవ్వకమునకు పోవువానికి నిలిచిన చోటనే దుస్తులు కావలెను. అందుచే కేవలము కత్తెర పట్టినవాఁడు నిలువఁజాలక, తానులమ్మువాని పనియు, సిద్ధవస్త్రములమ్మువాని పనియుఁ గలుపుకొనెను. వృత్తులు కలిసిపోవుట వృత్తినామముల కూర్పునందే కనఁబడుచున్నది.

న్యూజీలాండునందు 1857 మొదలు ఈ బిళ్లలు కనఁబడును. ఆక్లండులోని ఆర్చిబాల్డ్ క్లార్కు అను బట్టల వర్తకుఁడు 1857 తేదీతో పెన్నీ వేయించెను. ఇతఁడే 1851లో ఆక్లండు పురమునకు మొదటి మేయరుగా నుండినవాఁడు. ఆ యూరనే టి. ఎస్. ఫోర్సెయితు 1858 తేదీతో బిళ్ల వేయించెను. ఇతఁడు నార, ఉన్ని బట్టల వర్తకుఁడు. 1854లో ఆగస్టు 31 మొదలు సెప్టెంబరు 2 వఱకు న్యూజీలాండు మంత్రిమండలికి నాయకుఁడుగా నుండెను. పాలకుఁడు పిలిపింపఁగా దుకాణము నుండి యింటికిఁ బోయి చొక్కా మార్చుకొని వెళ్లితినని శాసనసభలోఁ జెప్పెను. దానిపై ఆ మంత్రివర్గమునకు శుభ్రపుఁజొక్కా మంత్రివర్గమను పరిహాసనామము నిలిచిపోయినది. మంత్రిపదవి కొన్ని దినములైనను నిలువలేదు. అతని పేరిటి రాగిబిళ్ల నేఁటికిని నిలిచియున్నది. ఆ యూర హెచ్. ఆష్టను అను నతఁడు తాను సాగుపట్టీలు, చిల్లర కుట్టుసామగ్రి, అంచుపట్టీలు దిగుమతి చేయుదునని పెన్నీపై వ్రాయించెను. దర్జీల పనికి వలసిన వస్తువుల పట్టిక యొకటి రాగిపై మిగిలినదనవచ్చును. వెల్లింగ్‌టను, నేపియరు పట్టణముల పేళ్లతో కర్కాల్డీ, స్టెయిన్సు అను బట్టల వర్తకులు వేయించిన బిళ్లలును కలవు. 1863లో పుట్టిన యా దుకాణము 2016లో మూతపడినది. వారి బిళ్ల డబ్బుగా చెల్లుట మానిన తరువాత నూఱేండ్లకుఁ బైగా ఆ పేరు వీధిలో బ్రదికియుండెను.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. ఈ బిళ్ల ఎవరి మాట మీఁద చెల్లెను? రాజు నాణెమునకు రాజు బాధ్యుఁడు. ఈ బిళ్లలలోఁ గొన్నిటిపై మాత్రమే, కోరినప్పుడు సొమ్ము చెల్లింతుమను మాట కలదు. తక్కినవానిపై పేరు, వృత్తి, ఊరు తప్ప మఱేమియు లేదు. పేరే మాట, వీధి పేరే పూఁచీ. నాసికు గుహలోని యుషవదాతుని శాసనమున, గోవర్ధనములోని సాలెవారి రెండు శ్రేణులయొద్ద ఒక దానికడ 2000, వేఱొకదానికడ 1000 కార్షాపణములు శాశ్వతముగా నుంచి వడ్డీని భిక్షువులకు ఇచ్చు నేర్పాటు వ్రాయఁబడినది. రాజబంధువు సాలెవారి మాటను నమ్మి ధనముంచెను. అచట శ్రేణియంతయు బాధ్యత వహించెను. ఆస్ట్రేలియాలో నొంటరి వర్తకుఁడే బాధ్యుఁడు. అతఁడు దివాలా తీసినను, ఊరు విడిచినను, ఆ నష్టము బిళ్ల చేతనున్నవానిదే. పెద్ద మొత్తములు బంగారముతో నడచును. పెన్నీలు చేతనుండువారు కూలివారు, సేవకులు, పిల్లలు. చిల్లర కఱవును తీర్చిన యుపకారము వర్తకునిది. ఆ యుపకారమునందలి ప్రమాదము బీదవానిది.

ప్రభుత్వములు దీనిని గుర్తించినవి. విక్టోరియాలో 1863లో వర్తకముద్రలు నిషేధింపఁబడినవి. న్యూ సౌత్ వేల్సులో 1868లో నిషేధము వచ్చెను. న్యూజీలాండులో క్రైస్టుచర్చి పట్టణమునందలి సంగీతవాద్యముల వర్తకులగు మిల్నరు, థాంసను 1881 తేదీతో వేయించినదే కడపటిది. బ్రిటిషు కంచు పెన్నీలు వలసినన్ని రాసాగఁగా బిళ్లల యవసరము తీఱెను. చెల్లని బిళ్లలు కొన్ని కరఁగింపఁబడినవి, కొన్ని మంటిలోఁ గలిసినవి, కొన్ని పెట్టెల యడుగునఁ బడినవి. పిమ్మట వానికి సంగ్రాహకులు వచ్చిరి.

సంగ్రాహకులకు మనము ఋణపడియున్నాము. స్టెయిన్స్‌ఫీల్డు అను నతఁడు 1883లో లండనునుండి ఆస్ట్రేలియా వర్తకుల బిళ్లలకు వివరపట్టిక ప్రకటించెను. కోల్మన్ హైమను 1893లో సిడ్నీయందు ఆస్ట్రేలియా ప్రాంతపు నాణెముల చరిత్రను వ్రాసెను. ఆర్థర్ ఆండ్రూసు అను వైద్యుఁడు 1921లో సిడ్నీలోని మిచ్చెలు గ్రంథాలయము పక్షమునఁ జేసిన పట్టిక చిరకాలము ప్రమాణమై యుండెను. అలన్ సదర్లండు 1941లో న్యూజీలాండు నాణెముల చరిత్ర సంపుటమును వెలువరించెను. ఇవి లేకున్న నేఁడు ఈ పేళ్లలో సగమైనను మనకుఁ దెలియవు. నేఁడు విక్టోరియా రాష్ట్ర మ్యూజియమువారు తమ బిళ్లల చిత్రములను, పాఠములను లోకమునకందఱకును చూపుచున్నారు.

అయినను సంగ్రహణమున రెండు దోషములు ప్రవేశించినవి. మొదటిది కూటసంయోగము. అచ్చుపనివారియొద్ద పలువురు వర్తకుల యచ్చులుండును. సంగ్రాహకులు అరుదైనదానికి వెల యెక్కువ యిత్తురని తెలిసికొని, వారు ఒకని ముఖపుటచ్చును మఱియొకని వెనుకటచ్చుతోఁ జేర్చి కొన్ని బిళ్లలు కొట్టిరి. అట్టి బిళ్ల యే దుకాణమునను చిల్లరగా చెల్లలేదు. రెండు పదములు సమాసము కావలెనన్న వానికి అర్థసంబంధము, అనఁగా సామర్థ్యము, ఉండవలెనని పాణినీయమతము. సామర్థ్యము లేనిదానిని అసమర్థసమాసమని నిందింతురు. ఈ జోడు బిళ్లలు రాగితోఁ జేసిన యసమర్థసమాసములు. ఇవి మిక్కిలి యరుదైనవి, మిక్కిలి మెఱయునవి, మిక్కిలి వెలగలవి; చరిత్రకు మాత్రము సున్న. అచ్చుపనివాని వ్యాపారమునకే యవి సాక్షులు కాని, దర్జీ వ్యాపారమునకు కావు.

రెండవది మెఱుఁగుపై మోజు. నల్లనైన బిళ్లను చింతపండుతోనో, తీక్ష్ణద్రవముతోనో తోమి క్రొత్తదానివలెఁ జేయుదురు. తోమినచో అక్షరపుటంచులు పోవును. ఏ రేఖ యచ్చునందలిదో, ఏ గీఱ చేతులవలనఁ గలిగినదో తెలియకపోవును. తాటాకు గ్రంథమును అందముగాఁ గనఁబడుటకై గీఁకి మరల సిరా పట్టించినవానిని మనమేమందుము? బిళ్ల విషయమున నట్లే యనవలెను. అరుగుదల మలినము కాదు, అది వ్యాఖ్యానము. ఎన్నేండ్లు, ఎన్ని చేతులలో నది తిరిగినదో చెప్పు వ్యాఖ్యానము దాని శరీరముననే వ్రాయఁబడియున్నది. మెఱయు బిళ్ల టంకశాల గుమ్మము దాఁటి వీధికి వచ్చెనో లేదో చెప్పలేము. అరిగిన బిళ్ల వీధిని నడచినదని తానే సాక్ష్యమిచ్చును.

కాఁబట్టి బిళ్లను చదువవలసిన క్రమమిది. మొదట పాఠము: పేరు, వృత్తి, వీధి, ఊరు, యేడు ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను, తప్పక్షరమున్నను దిద్దరాదు. రెండవది అచ్చు: ఒకే వర్తకునివే యైనను రెండు బిళ్లల యక్షరముల దూరము, చుక్కల సంఖ్య భేదించిన నవి వేఱచ్చులవి, ఇవి మన తాళపత్రప్రతులలోని పాఠభేదముల వంటివి. వెనుకటచ్చు ఒక్కటియై, ముఖములు వేఱైన రెండు బిళ్లలు ఒక చేతిపనివారివని యూహింపవచ్చును. మూఁడవది తూనికయు, కొలఁతయు. నాలుగవది అరుగుదల. ఐదవది దొరకిన చోటు. ఈ యైదవదానిని సంగ్రాహకులు తఱచుగాఁ బోఁగొట్టుచున్నారు. మెల్బోర్ను దర్జీ పెన్నీ మెల్బోర్నున దొరకుట సామాన్యము. అదియే సముద్రమునకు ఆవల న్యూజీలాండు మట్టిలో దొరకెనన్న, ఏ కూలివాని జేబులోనో పయనించి యచటను చెల్లెనని తేలును. చోటు పేరు వ్రాయక పెట్టెలో వేసిన నాఁడు ఆ చరిత్ర పోయినట్లే.

ఈ బిళ్లలు చెప్పని సంగతియు నొకటి కలదు. ఇవి దుకాణపు యజమాని పేరునే మోయును. వెనుకగదిలో దీపపు వెలుఁగున సూది పట్టినవారి పేళ్లు, ఇంటికి గుడ్డలు తీసికొనిపోయి చొక్కాలు కుట్టి తెచ్చిన స్త్రీల పేళ్లు, వీనిలో నెందును లేవు. సౌచిక శబ్దమునకు ముఖ్యార్థమైనవారు బిళ్లపై నెక్కలేదు. కత్తెరకును, కాటాకును అధిపతియైనవాఁడు ఎక్కెను. కాని వారికిఁ గూలిగా ముట్టినది యీ పెన్నీలే కావచ్చును. సూది పట్టిన వ్రేళ్ల రాపిడి వలననే యజమాని పేరు అరిగియుండవచ్చును. పేరు వ్రాయించుకొనలేనివారు ఇతరుల పేరును అరగదీసి తమ యునికిని తెలిపిరని చెప్పుట యతిశయోక్తి కాదని నా తలంపు.

దుష్యంతుని యుంగరము చేఁప కడుపున దొరకినప్పుడు జాలరి దాని వెలనే చూచెను. రాజు దానియందు మఱచిన మాటను చూచెను. సంగ్రాహకుఁడును, చరిత్రకారుఁడును ఇట్లే వేఱగుదురు. మన దేశమునను పల్లెటూళ్ల పాఁతపెట్టెలలో కంపెనీ డబ్బులును, చెల్లని రాగిబిళ్లలును ఇంకను గలవు. వానిని తోమక, కరఁగింపక, దొరకిన చోటును వ్రాసి, ఉన్న పాఠమును ఉన్నట్లు చదివి రక్షించుట పండితులును, ఉపాధ్యాయులును చేయఁదగిన పని. విజ్ఞులు విచారింతురు గాక.